మిద్దె మీద సోలార్ పెడదామంటే బూడిద పడుతోంది. ఈ బొగ్గు గోల ఎప్పటికి తీరేను?

ఎన్నూరు_ఎక్స్‌ప్రెస్
మాది తిరువొత్తియూరు దాటాక. సొంత ఇల్లు, పైన మిద్దె ఖాళీ. రెండు నెలలకోసారి వచ్చే ఈబీ (కరెంటు) బిల్లు పోయిన ఎండాకాలం నా బైక్ ఈఎంఐని దాటేసింది. సరే సోలార్ పెట్టిద్దామని ఒకతన్ని పిలిచాను. 3 కిలోవాట్లు, రెండు లక్షల దగ్గర కొటేషన్, కేంద్రం ఇచ్చే 78 వేల సబ్సిడీ పోగా మిగతాది నా జేబులోంచి. అంతవరకు బాగానే ఉంది. అతను మిద్దె ఎక్కాడు. పిట్టగోడ మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలు నా ముఖం ముందు పెట్టాడు. నల్లగా ఉంది. "సార్, వారానికి రెండుసార్లయినా ప్యానెళ్ళు కడగాలి. కడగకపోతే నేను చెప్పిన యూనిట్లు రావు. తర్వాత నాకు ఫోన్ చేసి తిట్టొద్దు" అన్నాడు.

కడగడానికి నీళ్ళేవి? మా బోరు నీళ్ళు ఉప్పు. బకెట్ ఆరితే తెల్లగా చారలు కడుతుంది. లారీ నీళ్ళు కొని ప్యానెళ్ళకి స్నానం చేయించాలా?

సంక్రాంతి వెళ్ళాక అమ్మ గుమ్మడి వడియాలు పెట్టింది. పాత చీర పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి. మూడో రోజుకి వడియాలు ఏ రంగులో ఉన్నాయో నేను చెప్పను. అమ్మ ఒకటి విరిచి నోట్లో వేసుకుని ఉమ్మేసి, మొత్తం చీరతో సహా మూటకట్టి పక్కన పెట్టేసింది. ఏ ప్లాంటు దుమ్మో, ఏ లారీ దుమ్మో నాకు తెలియదు. మా చుట్టూ థర్మల్ ప్లాంట్లు, పోర్టు, బొగ్గు యార్డు, రాత్రింబవళ్ళు కంటైనర్ లారీలు.

బొగ్గు వద్దని సోలార్‌కి పోదామంటే ఆ బొగ్గే వచ్చి సోలార్ మీద కూర్చునేలా ఉంది. ఇదే మాట ఫ్యామిలీ గ్రూపులో అంటే మా బాబాయి "బొగ్గు లేకపోతే నీ ఏసీ ఎవడు తిప్పుతాడురా" అని పెద్ద మెసేజ్ పెట్టాడు. నేనూ ఏదో అన్నాను. ఇప్పుడు మాటల్లేవు. నిజంగానే అడుగుతున్నా: ఇవి మూసేసే రోజు వస్తుందా? మూసేస్తే రాత్రి లైట్లు వెలుగుతాయా?

ఓఎంఆర్_ఒంగోలు
బూడిద గుమ్మడికాయ వడియాల్లో బూడిద పడిందని కంప్లయింట్ ఏంటన్నా, పేరుకి న్యాయం జరిగింది కదా 😂

ఎన్నూరు_ఎక్స్‌ప్రెస్
@ఓఎంఆర్_ఒంగోలు ఈ జోకు మా బావమరిది ఆల్రెడీ వేశాడు. అమ్మ వాడికి ఆ పూట కూర వడ్డించలేదు.

వడపళని_వాణి
అది బొగ్గు ప్లాంటు బూడిదే అని ఎలా చెప్పగలం? మెయిన్ రోడ్డు పక్కన మా ఇల్లు. ఇక్కడ ఒక్క థర్మల్ ప్లాంటు లేదు, అయినా రోజూ కిటికీ తుడిస్తే గుడ్డ నల్లగానే వస్తుంది. టైర్లు, డీజిల్, మెట్రో పనుల సిమెంటు.

బాయి_పిలగాడు
నాది గోదావరిఖని, ఇప్పుడు పెరుంగుడిలో ఉద్యోగం. బొగ్గు పేరెత్తితే అందరూ ముక్కు మూసుకుంటారు కానీ నా ఇంజినీరింగ్ ఫీజు కట్టింది ఆ బొగ్గే. సాయంత్రం తీరిగ్గా రాస్తా.

రిటైర్డ్_షిఫ్ట్ఇంఛార్జి
కడప జిల్లాలో ఒక థర్మల్ ప్లాంటులో 31 ఏళ్ళు చేసి వచ్చినవాణ్ణి. ఇప్పుడు మడిపాక్కంలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాణి గారి సందేహం సరైనదే. ముందు ఆ దుమ్ము ఏమిటో తేల్చుకోవాలి.

లెక్క చెబుతాను. 210 మెగావాట్ల యూనిట్ ఒకటి ఫుల్ లోడ్‌లో రోజంతా తిరిగితే 50 లక్షల యూనిట్ల కరెంటు. ఒక్కో యూనిట్ కరెంటుకి సుమారు 700 గ్రాముల బొగ్గు వేసుకుంటే 3,500 టన్నులు. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ, 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. 35 అనుకున్నా రోజుకు 1,200 టన్నుల పైన బూడిద. అందులో ఐదోవంతు బాయిలర్ అడుగున పడుతుంది. మిగతా వెయ్యి టన్నులు పొగతో పాటు చిమ్నీ వైపు పోతాయి. మధ్యలో ఈఎస్పీ ఉంటుంది. కరెంటు పెట్టి ఆ దుమ్మును ప్లేట్లకి అతికించి, సుత్తులతో కొట్టి కిందికి రాల్చే యంత్రం. అది నూటికి 99.5 పట్టుకున్నా మిగిలిన అర శాతం అంటే రోజుకు 5 టన్నులు. ప్లాంటులో ఒక్క యూనిట్‌కే. ఈఎస్పీలో ఒక ఫీల్డు, అంటే అందులో ఒక భాగం, ట్రిప్పయిందా, ఇంకా ఎక్కువ. రాత్రి షిఫ్టులో ఫీల్డు పోతే లోడు తగ్గించమని అడగాలి. అడిగితే ఏమంటారో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి తెలుసు.

పట్టుకున్న బూడిద కొంత సిమెంటుకి, ఇటుకలకి పోతుంది. మిగతాది నీళ్ళలో కలిపి పైపుల్లో చెరువుకి తోస్తారు. యాష్ పాండ్. ఆ చెరువు తడిగా ఉన్నంతకాలం పర్లేదు. ఎండిందంటే గాలికి లేస్తుంది. మీది ప్లాంట్లకి దక్షిణం కాబట్టి ఈశాన్యం గాలి వీచే రోజుల్లో మీ వైపు వస్తుంది. అమ్మగారు వడియాలు పెట్టింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

పరీక్ష ఇది. తెల్లటి పాత పంచె ముక్క తడిపి, నీళ్ళ ట్యాంకు కింద, గాలి తగలని చోట పేరుకున్నది తుడవండి. బూడిద రంగులో, వేళ్ళ మధ్య టాల్కం పౌడర్‌లా జారితే ఫ్లై యాష్. నల్లగా, ఎండలో పెడితే చిన్న చిన్న మెరుపులుంటే బొగ్గు పొడి. అది యార్డులోంచో బెల్టు మీంచో లారీలోంచో వస్తుంది, చిమ్నీలోంచి కాదు. జిడ్డుగా అంటుకుని సబ్బు పెట్టినా పోకపోతే డీజిల్ మసి.

ఎన్నూరు_ఎక్స్‌ప్రెస్
ఇలాంటి జవాబు కోసమే పోస్టు పెట్టింది అంకుల్. ఆదివారం తుడిచి చెబుతా.

రాయపురం_రాజు
మా వాళ్ళు నాలుగు తరాలుగా ఇక్కడే. ఎన్నూరు వైపు వాళ్ళు దీన్ని 'సాంబల్' అంటారు. వాగులో చేతులతో తడిమి రొయ్యలు పట్టేవాళ్ళున్నారు అక్కడ, వలలు కూడా లేకుండా. కొసస్థలైయార్ అడుగున బూడిద పేరుకుని కాళ్ళు దిగబడుతున్నాయని వాళ్ళు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దాకా వెళ్ళింది. మనకి వడియాలు పోయాయి, వాళ్ళకి పనే పోయింది.

తాంబరం_టైంపాస్
పాత ఎన్నూరు స్టేషన్ మూసేశారు కదా. 1970లో మొదలైంది, 450 మెగావాట్లు, 2017 మార్చిలో ఆపేశారు. ఆ రోజు చెన్నైలో ఒక్క ఫ్యానయినా ఆగిందా? కాబట్టి మూసేయొచ్చు. సింపుల్.

గ్రిడ్_గోపాలం
@తాంబరం_టైంపాస్ ఆగలేదు, ఎందుకంటే అప్పటికే పక్కన వల్లూరులో 1,500, అత్తిపట్టులో కొత్త 1,200 మెగావాట్లు వచ్చేశాయి. అవీ బొగ్గే. 2024 మార్చిలో అత్తిపట్టులోనే ఇంకో 800 ప్రారంభించారు. పాత కుండ పగలగొట్టి పక్కన మూడు కొత్త కుండలు పెట్టి, వంట మానేశాం అంటే ఎలా?

తాంబరం_టైంపాస్
సరే, నాకు తెలిసిన సగం చెప్పాను, మిగతా సగం మీరు చెప్పారు.

కోయంబత్తూర్_రిటర్న్
2012లో అక్కడ ఇంజినీరింగ్ చదివాను. రోజుకు పన్నెండు గంటల పైన కరెంటు ఉండేది కాదు. గంట ఉంటే గంట పోయేది. సెమిస్టర్ పరీక్షలకి హాస్టల్ మెస్ ముందు వీధి దీపం కింద చదివాం, అదీ దాని టైముకి ఆరిపోయేది. చిన్న చిన్న లేత్ వర్క్‌షాపుల వాళ్ళు జనరేటర్ డీజిల్ కొనలేక షట్టర్లు దించేశారు. అప్పుడు చెన్నైలో మాత్రం రెండు గంటలే కోత. అందుకే చెన్నై వాళ్ళు "బొగ్గు మూసేయండి" అంటే నాకు కొంచెం మండుతుంది. ముందు కోత రుచి చూసి మాట్లాడాలి.

సోంపేట_సుబ్బి
కోత రుచి సరే, తూటా రుచి? మా అమ్మమ్మగారిది సోంపేట వైపు. అక్కడ బీల అని తడినేల ఉంటుంది. ఎండాకాలం కూడా నీళ్ళు, చేపలు, చుట్టూ ఊళ్ళ పంటలకి అదే ఆధారం. దాన్ని పనికిరాని నేల అని కాగితాల్లో రాసి థర్మల్ ప్లాంటుకి ఇచ్చారు. 2010 జూలై 14న జనం అడ్డం పడితే కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలో మళ్ళీ అదే. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. అమ్మమ్మ ఫోన్ చేసి, మాట్లాడకుండా అలా పట్టుకునే ఉండేది. సోంపేటలో ప్లాంటు రాలేదు. బీల ఇంకా ఉంది. మీ లెక్కల్లో ఆ మెగావాట్లు రాకపోవడం నష్టం కింద వస్తుందేమో, మా ఊళ్ళో అలా అనరు.

కోయంబత్తూర్_రిటర్న్
@సోంపేట_సుబ్బి నేను ఆ వైపు ఆలోచించలేదు. నిజంగా.

గ్రిడ్_గోపాలం
అసలు ప్రశ్న "రాత్రి లైట్లు వెలుగుతాయా" అన్నది కదా, దానికి వస్తా. నా పని ఇదే, లోడ్ షెడ్యూలింగ్, అంటే ఏ ప్లాంటు ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో చూడటం. ఎక్కడ చేస్తానో అడగొద్దు.

పేపర్లో చూసే ఉంటారు, 2025 మధ్యకి దేశంలో పెట్టిన మొత్తం కెపాసిటీలో సగం బొగ్గు, గ్యాస్ కానిదే అని. నిజమే. కానీ కెపాసిటీ వేరు, యూనిట్లు వేరు. కల్యాణ మండపంలో వెయ్యి కుర్చీలున్నాయంటే రోజూ వెయ్యిమంది భోంచేస్తున్నట్టు కాదు. సోలార్ కుర్చీలు పొద్దున ఏడుకి నిండటం మొదలై సాయంత్రం ఆరుకి ఖాళీ. ఏడాది మొత్తం మీద వచ్చిన యూనిట్లు చూస్తే ఇప్పటికీ నాలుగింట మూడొంతుల దాకా బొగ్గువే.

తమిళనాడుకి ఇంకో కథ ఉంది. గాలి. ముప్పందల్, ఆరల్వాయ్‌మొళి, పాలక్కాడ్ కనుమ. పది వేల మెగావాట్ల పైన గాలిమరలున్నాయి. మే నుంచి సెప్టెంబరు దాకా గాలి విరగబూస్తుంది. ఆడి నెలలో (జూలై, ఆగస్టు) కొన్ని రాత్రులు మాకు కరెంటు ఎక్కువైపోయి బొగ్గు యూనిట్లని కిందికి దించుతాం. దించడానికి కూడా హద్దుంది, సగం కంటే కిందికి పోవాలంటే మంట నిలవదు, ఆయిల్ పోయాలి. స్టవ్ సిమ్‌లో పెట్టినట్టు కాదు. ఒకసారి పూర్తిగా చల్లార్చితే మళ్ళీ ఎక్కించడానికి గంటలు పడుతుంది, యంత్రానికీ దెబ్బ. దాంతో అప్పుడప్పుడూ గాలిమరలనే ఆపమంటాం. ఉచితంగా వచ్చే గాలిని వదిలేసి బొగ్గు కాలుస్తాం. ఆ ఫోన్ చేసేటప్పుడు నాకే సిగ్గుగా ఉంటుంది.

అక్టోబరు వచ్చేసరికి గాలి పడిపోతుంది. 2024 వేసవిలో రాష్ట్రం డిమాండ్ 20 వేల మెగావాట్లు దాటింది. ఏప్రిల్, మే మొదట్లో గాలి సరిగ్గా ఉండదు, సాయంత్రం సూర్యుడు దిగుతాడు, సరిగ్గా అప్పుడే అందరూ ఇంటికొచ్చి ఏసీ వేస్తారు. కరెంటు కొనే ఎక్స్ఛేంజిలో మధ్యాహ్నం రెండు మూడు రూపాయలకి దొరికే యూనిట్ రాత్రి తొమ్మిదికి పది రూపాయల పరిమితిని తాకుతుంది. మొత్తం గొడవంతా ఆ నాలుగైదు గంటలది. బొగ్గు మూసేయాలా వద్దా అని కాదు, సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా ఏం చేస్తావు అని అడగండి.

మైలాపూర్_మామ్మ
ఆ టైములోనే సీరియళ్ళు కూడా వస్తాయి నాయనా. అవి ఆపేస్తే సగం తీరుతుంది.

గ్రిడ్_గోపాలం
మామ్మగారూ, ఫైల్లో రాసి పైకి పంపుతా 😄

ఓఎంఆర్_ఒంగోలు
బ్రిటన్ వాళ్ళు 2024 సెప్టెంబరు 30న ఆఖరి బొగ్గు ప్లాంటు మూసేశారు. వాళ్ళకి అయింది కదా, మనకెందుకు కాదు?

బాయి_పిలగాడు
@ఓఎంఆర్_ఒంగోలు వాళ్ళు లండన్‌లో మొదలుపెట్టింది 1882లో తమ్ముడూ. 142 ఏళ్ళు కాల్చుకుని, దానితో దేశం కట్టుకుని, చేతులు కడుక్కున్నారు. పైగా వాళ్ళకి గ్యాస్ ఉంది, సముద్రంలో గాలిమరలున్నాయి. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మనవాళ్ళు పట్టుబట్టి "ఆపేయడం" అన్న మాట తీయించి "తగ్గించడం" అని పెట్టించారని అందరూ తిట్టారు. నేనైతే మంచి పని అన్నాను.

సరే, రాస్తానన్నాను కదా. మా నాన్న సింగరేణి. అండర్‌గ్రౌండ్ బొగ్గు బాయి, 33 ఏళ్ళు. నైట్ షిఫ్ట్ నుంచి పొద్దున్నే వచ్చేవాడు. బాయి దగ్గరే స్నానం చేసి వచ్చినా కళ్ళ అంచున నలుపు పోయేది కాదు, కాటుక పెట్టుకున్నట్టు ఉండేది. పెళ్ళి ఫొటోల్లో కూడా ఆయన కళ్ళు అలాగే ఉంటాయి. మా అమ్మ తలదిండు గలీబులు ఆయనకి వేరే పెట్టేది. మా ఊళ్ళో టిఫిన్ సెంటర్, బంగారం కొట్టు, కాన్వెంటు, ఆటోవాడు, అందరూ బాయి జీతం రోజు కోసం చూసేవాళ్ళే. దసరాకి లాభాల్లో వాటా పడితే ఆ వారం బట్టల కొట్లో నిలబడే చోటుండదు. ఇప్పుడు బొగ్గు ఆపేయండి అని చెన్నై ఏసీ రూములో కూర్చుని అంటే, ఆ కొట్టువాడికి ఎవరు చెబుతారు?

ఎన్టీపీసీ వాళ్ళు మా రామగుండంలో రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు, 2022లో. చూడ్డానికి బాగుంటుంది. ఎంతమందికి పని దొరికిందని మా వాడొకణ్ణి అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు.

వడపళని_వాణి
@బాయి_పిలగాడు ఒక్క మాట అడగనా, తప్పుగా అనుకోవద్దు. సింగరేణిలో ఒకప్పుడు లక్ష మందికి పైగా ఉండేవారు కదా. ఇప్పుడు నలభై వేల దగ్గర. ఆ పోయిన ఉద్యోగాలు సోలార్ వల్ల పోయాయా?

బాయి_పిలగాడు
లేదు.

బాయి_పిలగాడు
ఓపెన్ కాస్ట్ వచ్చి పోయాయి. బాయిలు మూసి పైనుంచి తవ్వడం మొదలుపెట్టాక డంపర్లు, షావెల్స్. మనుషులు అక్కర్లేదు. ఉన్న పనిలో కాంట్రాక్టు వాళ్ళే ఎక్కువ, వాళ్ళకి నాన్నకి వచ్చిన జీతంలో సగం కూడా రాదు. బ్లాస్టింగ్‌కి మా పాత ఇంటి గోడకి పగులు కూడా వచ్చింది. వాణి గారూ, మీరడిగింది నాన్న కూడా అంటుంటాడు. బొగ్గు ఎక్కడికీ పోలేదు, మనమే పోయాం అంటాడు. కానీ ఇదంతా ఒప్పుకున్నా నా ప్రశ్న అలాగే ఉంది. యంత్రం వచ్చినప్పుడు మా వాళ్ళని ఎవరూ అడగలేదు. సోలార్ వచ్చేటప్పుడైనా అడుగుతారా?

పావగడ_పిల్లోడు
బెంగళూరు నుంచి, మధ్యలో దూరుతున్నా. మాది పావగడ, కర్ణాటకే కానీ ఇంట్లో తెలుగే. అడుగుతారా అంటే, మా దగ్గర సగం అడిగారు. 2,050 మెగావాట్ల సోలార్ పార్కు, 13 వేల ఎకరాలు, తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్ళు. భూమి కొనలేదు, కౌలుకి తీసుకున్నారు. మొదట ఎకరాకి ఏడాదికి 21 వేలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. మా పెద్దమ్మకి నాలుగెకరాల మెట్ట. వేరుశనగ వేస్తే వాన రాక, వాన వస్తే ధర రాక. ఇప్పుడు డబ్బు బ్యాంకులో పడుతుంది, ఆమె హాయిగా ఉంది, గుడికి గంట కూడా చేయించింది.

కానీ భూమి లేనివాళ్ళని ఎవరడిగారు? మా పెద్దమ్మ పొలంలో కాయలు కొట్టడానికి వచ్చే ఇద్దరు ఆడవాళ్ళకి కౌలు రాదు, కూలీ పోయింది. గొర్రెలవాళ్ళకి బీళ్ళు పోయాయి, చుట్టూ కంచె. పార్కులో గడ్డి పీకే పని, ప్యానెళ్ళు తుడిచే పని కొంతమందికి దొరికింది. బూడిద లేదు, పొగ లేదు, అది మాత్రం నిజం. వడియాలు తెల్లగానే ఉంటాయి 🙂

రాయపురం_రాజు
ఆ కంచె సంగతి ఎవరూ చెప్పరు. క్లీన్ అంటే ఎవరికి క్లీన్ అని అడగాలి.

కోయంబత్తూర్_రిటర్న్
ఇంకోటి. ఛత్తీస్‌గఢ్ రాయ్‌గఢ్ నుంచి మా పుగలూరు దాకా 800 కేవీ లైను వేశారు, 6,000 మెగావాట్లు, 1,700 కిలోమీటర్ల పైన. బొగ్గు అక్కడ కాలుతుంది, బూడిద అక్కడే ఉంటుంది, కరెంటు మాత్రం మనకి. ఎన్నూరు మూసేసి ఆ లైను మీద బతికితే మన మిద్దె శుభ్రం, ఇంకెవడి మిద్దో మురికి.

గ్రిడ్_గోపాలం
కరెక్టే, కానీ ఆ లైను రెండు వైపులా పనిచేస్తుంది. గాలి కాలంలో మన మిగులు ఉత్తరానికి పంపొచ్చు. దక్షిణ గ్రిడ్ 2013 డిసెంబరు 31న రాయచూరు-సోలాపూర్ లైనుతో దేశానికి కలిసింది. అంతకు ముందు మనం దాదాపు ఒక దీవి. కోయంబత్తూర్ వీధి దీపం కింద చదివింది ఆ దీవి రోజుల్లోనే.

తాంబరం_టైంపాస్
మరి నిల్వ చేయడం? బ్యాటరీలు?

రిటైర్డ్_షిఫ్ట్ఇంఛార్జి
బ్యాటరీల ధర బాగా దిగింది, రెండు మూడు గంటలకి పనికొస్తాయి. కానీ నీళ్ళ పద్ధతి మనవాళ్ళకి కొత్త కాదు. శ్రీశైలం ఎడమగట్టులో ఆరు టర్బైన్లు, ఒక్కోటి 150 మెగావాట్లు, అన్నీ రివర్సిబులే. కరెంటు మిగిలితే కింది నీళ్ళని పైకి తోడతాయి, చాలనప్పుడు అవే నీళ్ళు వదిలి కరెంటు ఇస్తాయి. తమిళనాడులో కడంపారై 400 మెగావాట్లు కూడా ఇదే పద్ధతి. ఇప్పుడు కర్నూలు వైపు పిన్నాపురంలో 1,680 మెగావాట్లది కట్టారు. మధ్యాహ్నం ఓర్వకల్లు సోలార్ ఎండని రాత్రికి దాచుకోవడం అన్నమాట.

నా మటుకు నేను చెప్పేది, పాత 210 మెగావాట్ల యూనిట్లని ముందు మూయాలి. ముప్పై ఏళ్ళు దాటినవి. బొగ్గు ఎక్కువ తింటాయి, కరెంటు తక్కువ ఇస్తాయి. నేను పనిచేసినవి అవే. వాటి శబ్దం విని ఏ బేరింగ్ వేడెక్కిందో చెప్పేవాణ్ణి. అయినా మూయాలి. మిగిలినవి సాయంత్రాలకి ఉంచుకోవాలి. ఉంచుకున్నంతకాలం శుభ్రంగా నడపాలి. గంధకం పొగని కడిగే యంత్రం పెట్టాలని 2015లో నియమం వచ్చింది. గడువు జరుపుతూ జరుపుతూ 2025 జూలైలో చాలా ప్లాంట్లకి అసలు అక్కర్లేదన్నారు. ఆ పదేళ్ళలో పెంచిన జీతాలు, పెంచిన టారిఫ్, కొత్త ఆఫీసులు అన్నీ వచ్చాయి, అదొక్కటి రాలేదు. నాకు బాధ అక్కడ.

బాయి_పిలగాడు
మన బొగ్గులో గంధకం తక్కువ అందుకే అక్కర్లేదన్నారు కదా?

రిటైర్డ్_షిఫ్ట్ఇంఛార్జి
తక్కువే బాబూ. తక్కువగా ఉన్నదాన్ని ఎక్కువగా కాలిస్తే ఏమవుతుంది? ఉప్పు తక్కువేసిన పులుసు బిందెడు తాగినట్టు.

మైలాపూర్_మామ్మ
ఇంతకీ కల్పాక్కం అణు కరెంటు సంగతేంటి? అది బూడిద రాదు కదా.

ఓఎంఆర్_ఒంగోలు
మామ్మగారూ, ఆ టాపిక్ మొదలెడితే ఇంకో నలభై పోస్టులు. దయచేసి వద్దు 🙏

ఎన్నూరు_ఎక్స్‌ప్రెస్
ఆదివారం రిపోర్టు. నాన్న పాత పంచె ముక్కలు మూడు తీసుకున్నా. ట్యాంకు కింద తుడిస్తే అంకుల్ చెప్పినట్టే, బూడిద రంగు, వేళ్ళ మధ్య జారిపోతోంది, చేతికి తగిలినట్టే అనిపించదు. ఉత్తరం వైపు పిట్టగోడ మీద నల్లది, ఎండలో పెడితే మెరుస్తోంది, గరుకు. రోడ్డు వైపు కిటికీ చువ్వల మీద జిడ్డు మసి, సబ్బుకి కూడా లొంగలేదు. అంటే మూడూ ఉన్నాయి! వాణి గారూ మీరు గెలిచారు, నేనూ గెలిచాను.

మూడు ముక్కలూ జిప్‌లాక్ కవర్లలో పెట్టి, తేదీ రాసి, కాలుష్య నియంత్రణ బోర్డుకి ఫిర్యాదుతో పాటు ఇద్దామనుకుంటున్నా. ఫొటో బాబాయికి కూడా పంపా. బ్లూ టిక్ వచ్చింది. అంతే.

వడపళని_వాణి
వీధిలో ఇంకో నాలుగిళ్ళ నుంచి కూడా ఇలాగే తీసుకోండి. ఒక్క ఇంటి గుడ్డని ఎవరూ పట్టించుకోరు. ఏ వైపు గోడ, ఏ రోజు గాలి ఎటు అని కూడా రాయండి.

రిటైర్డ్_షిఫ్ట్ఇంఛార్జి
సోలార్ మాత్రం మానొద్దు. 3 కిలోవాట్లంటే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తుంది, రెండు నెలలకి 700. దుమ్ము వల్ల కొంత పోయినా మీ బిల్లు 500 యూనిట్ల స్లాబు దాటదు, మీకు మండిపోతున్నది అక్కడే. ప్యానెళ్ళు కొంచెం ఏటవాలు ఎక్కువ పెట్టమనండి, పడుకోబెడితే బూడిద దిగదు. పొద్దున ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే కడగాలి, మధ్యాహ్నం వేడి గాజు మీద చన్నీళ్ళు పోయొద్దు.

పావగడ_పిల్లోడు
ఉప్పు నీళ్ళతో మాత్రం కడగొద్దన్నా, చార కట్టి ఇంకా దరిద్రం. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు బకెట్‌లో పట్టుకో. అవి గాలిలోని తేమే కాబట్టి ఉప్పుండదు. మీ చెన్నై ఉక్కకి రాత్రికి బకెట్ నిండుతుంది.

తాంబరం_టైంపాస్
బొగ్గు కాల్చి ఏసీ తిప్పి, ఏసీ నీళ్ళతో బొగ్గు బూడిద కడిగి, సోలార్‌తో ఏసీ తిప్పడం. నాకు తల తిరుగుతోంది.

ఎన్నూరు_ఎక్స్‌ప్రెస్
@పావగడ_పిల్లోడు నిన్న రాత్రి పెట్టి చూశా. పొద్దునకి ముప్పావు బకెట్. ప్యానెళ్ళు రాకముందే అమ్మ ఆ నీళ్ళు తీసుకెళ్ళి పప్పు ఉడకేసుకోవచ్చా అని అడుగుతోంది, బోరు నీళ్ళకి కందిపప్పు ఉడకట్లేదట.

రిటైర్డ్_షిఫ్ట్ఇంఛార్జి
వద్దని చెప్పండి, ఆ కాయిల్ మీద ఏం పేరుకుని ఉంటుందో మీ పంచె ముక్కల్లో చూశారుగా.